రాతి అడవికి కావలి

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని దక్షిణ డకోటాలో, నల్లకొండలనే పర్వతశ్రేణి అంచున, 320 ఎకరాల చిన్న నేల ఒకటి ఉన్నది. 1922లో ఆ దేశాధ్యక్షుడు హార్డింగు దానిని జాతీయ స్మారకస్థలంగా ప్రకటించినాడు. కోట్ల సంవత్సరాల క్రిందట పెరిగి, మట్టిలో కప్పబడి, రాయిగా మారిపోయిన సైకాడుల వంటి మొక్కల మొదళ్లు అక్కడ నేలమీదనే పడి ఉండేవి. చూడబోతే ఈతమొద్దులు, ముట్టుకుంటే బండరాళ్లు. ముప్పది ఐదేండ్లు గడిచినవి. 1957లో అదే ప్రభుత్వం ఆ స్మారకస్థలాన్ని రద్దు చేసినది. అక్కడ యుద్ధం జరుగలేదు, భూకంపం రాలేదు, ఏ నదీ దారి తప్పి మీద పడలేదు. చూపడానికి ఏమీ మిగలలేదు గనుక రద్దు చేసినారు.

ఆ శిలాజాలు 1892లో లోకం కంటబడినవి. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వీలండు అనే శాస్త్రజ్ఞుడు వాటి పరిశోధనకు తన జీవితాన్ని ధారవోసినాడు. రెండు సంపుటాల గ్రంథం వ్రాసినాడు. ఆ నేల అన్యాక్రాంతం కాకుండా 1920లో తన పేర వ్రాయించుకొని, పిమ్మట ప్రభుత్వానికి తానే అప్పగించినాడు. ఇంతటి శ్రద్ధాళువు ఆ మొదళ్లను వందలకొలదిగా తన విశ్వవిద్యాలయానికి తరలించినాడు కూడా. మిగిలినవి వచ్చిపోయేవారి సంచులలోకి చేరినవి. ఆ స్థలానికని ప్రత్యేకంగా ఒక కావలివాడు ఏనాడూ లేడు. కొంత దూరంలోని మరొక ఉద్యానం అధికారి తన పనులతోపాటు దీనినీ చూడవలసి ఉండేది. శాస్త్రజ్ఞుని సేకరణను దొంగతనమని నేననను. అది జరిగి ఉండకపోతే ఆ మొక్కల నిర్మాణం మనకు తెలిసేదే కాదు. కాని ఒక స్థలాన్ని గూర్చి గ్రంథం మిగలడం వేరు, స్థలం మిగలడం వేరు.

ఈ కథను ముందుగా చెప్పడానికి కారణం ఉన్నది. ప్రకృతి నిర్మించిన అపురూప స్థలాలకు రక్షణ కావాలని మన దేశంలో ఇటీవల మాట బయలుదేరినది. ఒక ముసాయిదా చట్టం వచ్చినది, జాబితాలు తయారవుతున్నవి, అంతర్జాతీయ సంస్థలకు మన స్థలాల పేర్లు వెళుతున్నవి. సంతోషించవలసిన విషయమే. అయితే జాబితాకెక్కిన మరునాడు ఆ స్థలానికి ఏమవుతుంది? ఎవరు కాపాడుతారు? ఎట్లు కాపాడుతారు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి రాతి అడవిని మించిన ఉదాహరణ లేదు. ఏలనంటే, గోపురాన్ని ఎవడూ జేబులో వేసుకొని పోలేడు, జలపాతాన్ని మూటగట్టలేడు. రాతి అడవి మాత్రం గులకంత ముక్కలుగా, చిన్నపిల్లవాని పిడికిలిలో పట్టేటంత రంగురాళ్లుగా నేలమీద పరుచుకొని ఉంటుంది.

ఆ అమెరికాలోనే, నైరుతి భాగంలో, అరిజోనా రాష్ట్రంలో మరొక రాతి అడవి ఉన్నది. అది నిలిచినది. ఎట్లు నిలిచినదో తెలుసుకోవాలంటే అది ఏమిటో ముందు తెలియాలి.

దాదాపు 22 కోట్ల ఏండ్ల క్రిందట, నేటి ఖండాలన్నీ ఒకే మహాఖండంగా అతుకుకొని ఉన్న కాలంలో, ఆ ప్రాంతం భూమధ్యరేఖకు చేరువలో ఉండేది. ఇప్పటివలె ఎడారి కాదు. పెద్ద నదులు పారే పల్లపునేల. ఒడ్డుల వెంట దేవదారు కోవకు చెందిన మహావృక్షాలు పెరిగేవి. వరదలకు కూలిన చెట్లు ప్రవాహంలో పడి, కొమ్మలు విరిగి, బెరడు ఊడి, ఒకచోట మేటవేసుకొనేవి. వాటిపై ఒండ్రు పేరుకునేది. గాలి సోకని చోట కట్టె త్వరగా కుళ్లదు. ఆ ఒండ్రులో అగ్నిపర్వతాల బూడిద కలిసి ఉన్నది. ఊటనీరు ఆ బూడిదలోని సిలికాను కరగించుకొని కట్టెలోకి ఇంకినది. అట్లు ఇంకిన సిలికా కట్టెలోని కణం కణంలో గడ్డకట్టి, కాలక్రమాన క్వార్ట్‌జు అయినది. చెట్టు రాయి అయినదనడం వాడుక మాట. వాస్తవానికి, చెట్టు ఉండిన చోటును రాయి ఆక్రమించుకున్నది, చెట్టు ఆకారాన్ని చెరపకుండా. కొన్ని దుంగలలో కణాల అమరిక సైతం సూక్ష్మదర్శినికి కనబడుతుంది.

క్వార్ట్‌జు తనంత తాను తెలుపే. దానిలో కలిసిన లోహాలు రంగు లిస్తవి. ఇనుము ఎరుపును, పసుపును ఇచ్చినది. మాంగనీసు నలుపును, ఊదాను ఇచ్చినది. మరొక వింత, అక్కడి దుంగలు రంపంతో కోసినట్లు తుంటలు తుంటలుగా పడి ఉంటవి. ఏ వడ్రంగీ కోయలేదు. క్వార్ట్‌జు గట్టిదే గాని పెళుసు. భూమి మెల్లమెల్లగా పైకి లేచినప్పుడు పొడవైన దుంగలు ఆ ఒత్తిడికి అడ్డంగా పుటుక్కున విరిగినవి. చూచినవారు మాత్రం ఏ రాక్షసుడో కట్టెలు కొట్టి పోయినాడని అనుకోక మానరు.

అట్లు అనుకున్న వారూ ఉన్నారు. అక్కడి నవాహో జాతివారు ఆ దుంగలను పూర్వం హతుడైన ఒక మహాకాయుని ఎముకలని చెప్పుకున్నారు. పైయూటులు తమ దేవత వేసిన బాణాల పుల్లలని అన్నారు. అంతకు చాలా ముందే, ఏడెనిమిది వందల ఏండ్ల క్రిందట, ప్యూబ్లో జాతివారు ఈ రాతికట్టె ముక్కలనే గోడలుగా పేర్చి ఇల్లు కట్టుకున్నారు. దాని శిథిలం ఒకటి నేటికీ ఉన్నది. అహల్య కథ విని పెరిగిన మనకు ప్రాణమున్నది రాయి కావడం వింత కాదు. అయితే అక్కడ రాయికి పాదధూళి మేలు చేసినది. ఇక్కడ రాయికి పాదాలే ముప్పు తెచ్చినవి.

ఆ ముప్పు 1880 ప్రాంతాలలో రైలుతోపాటు వచ్చినది. రైలు దిగినవారు బండ్లు కట్టించుకొని వచ్చి కావలసినంత ఎత్తుకొని పోయినారు. కొన్ని దుంగల బోలులో ఊదారంగు స్ఫటికాలు ఉండేవి. వాటికోసం మందుగుండు పెట్టి దుంగలను పేల్చివేసినారు. ఆ భాగానికి స్ఫటికవనమని పేరు. పేరు నేటికీ ఉన్నది. పెద్ద స్ఫటికాలు లేవు. 1890 తరువాత మరొకరికి మరొక ఆలోచన తట్టినది: ఈ దుంగలను పొడికొట్టి సానపట్టే పిండిగా అమ్మవచ్చునని. ఆడమానా అనే చిన్న రైలుస్టేషను దగ్గర అందుకొక మర కూడా వెలసినది. ఇది చూచి స్థానికులే ఉలిక్కిపడినారు. 1895లో అరిజోనా శాసనసభ ఈ అడవిని కాపాడవలసినదని అమెరికా కాంగ్రెసుకు విజ్ఞప్తి పంపినది. లెస్టర్ వార్డు అనే పండితుడు 1899లో వచ్చి పరిశీలించి, కాపాడితీరాలని వ్రాసినాడు. అరణ్యప్రేమికుడుగా లోకప్రసిద్ధుడైన జాన్ మ్యూరు 1905, 1906 సంవత్సరాలలో, జబ్బుపడిన కుమార్తెకు ఎడారిగాలి మంచిదని, ఆడమానాలో కాపురముండి ఈ దుంగల మధ్య తిరిగినాడు.

1906 డిసెంబరు 8న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు దీనిని జాతీయ స్మారకస్థలంగా ప్రకటించినాడు. 1962 డిసెంబరు 9న ఇది జాతీయోద్యానం అయినది. 2004లో దీని ఎల్లలను రెండింతలకు పైగా విస్తరించడానికి అక్కడి కాంగ్రెసు అనుమతించినది. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. విజ్ఞప్తికీ ప్రకటనకూ నడుమ పదకొండేండ్లు పట్టినవి. బిల్లులు పెట్టినారు, వీగిపోయినవి. మళ్లీ పెట్టినారు. ఆ పదకొండేండ్లలో కేవలం ఈ అడవికని చట్టం కాలేదు. 1906లో పురావస్తు రక్షణకు సాధారణ చట్టం ఒకటి వచ్చిన తరువాతనే అధ్యక్షుని చేతికి అధికారం వచ్చినది. చట్టం వచ్చిన ఆరు నెలలలో ప్రకటన వెలువడినది. సాధారణ చట్టం లేనిదే ప్రత్యేక స్థలానికి దిక్కు లేదన్న ఈ ముక్క మన ప్రస్తుత పరిస్థితికి కూడా వర్తిస్తుంది.

కాపాడడమంటే ఏమిటో కాలంతోపాటు మారుతూ వచ్చినది. అక్కడ 110 అడుగుల పొడవున్న దుంగ ఒకటి చిన్న వాగుకు అడ్డంగా వంతెనవలె నిలిచి ఉన్నది. క్రింది మట్టి కోసుకొని పోగా దుంగ మిగిలినది. అది విరిగిపడుతుందేమోనని 1911లో రాతిస్తంభాలు కట్టినారు; 1917లో వాటిని తీసి సిమెంటు దూలం పెట్టినారు. ఇప్పటి అధికారుల అభిప్రాయం వేరు. ఈనాడైతే ఆ పని చేయమని, ప్రకృతి నిర్మించినది ప్రకృతి చేతనే కూలనీయవలసినదని వారంటున్నారు. నాకు ఈ రెండవ మతమే న్యాయంగా తోస్తున్నది. వాన, ఎండ, గాలి ఆ దుంగను బయటపెట్టినవి. అవే దానిని పడగొడతవి. మనుష్యుని చేతినుండి కాపాడడమే మనుష్యుని పని.

ఇక అసలు సంగతికి వస్తాను. చట్టం వచ్చినది, కావలివారు వచ్చినారు, జరిమానాలు వచ్చినవి. అయినను ముక్కలు మాయమవుతూనే ఉన్నవని అధికారులు వాపోయినారు. అన్నిటికంటె వింత, ఉద్యానానికి వెలుపల, ప్రైవేటు భూములలో తవ్విన రాతికట్టెను సమీపంలోని అంగళ్లలో బహిరంగంగా అమ్ముతారు. చట్టవిరుద్ధం కాదు. అయినను లోపలినుండి ఎత్తుకొని పోయినవారు ఉన్నారు. కొనుక్కున్న రాయికంటె ఏరుకున్న రాయి ముద్దు కాబోలు.

ఎత్తుకొని పోయినవారిలో కొందరు కొన్నాళ్లకు, కొందరు కొన్నేండ్లకు ఆ ముక్కలను తపాలాలో తిరిగి పంపుతూ వచ్చినారు. వెంట ఉత్తరాలు. రాయి ఇంటికి వచ్చిన నాటినుండి కష్టాలు వచ్చినవని, ఉద్యోగం పోయినదని, ఆరోగ్యం చెడినదని, దయచేసి దీనిని దాని చోట పెట్టవలసినదని. ఆ ఉత్తరాలను ఉద్యానంవారు భద్రపరచినారు. రాళ్లను మాత్రం వాటి చోట పెట్టలేరు. ఏ ముక్క ఏ తావునుండి పోయినదో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఎక్కడనో పడవేస్తే రేపటి పరిశోధకుడు పొరపడతాడు. శిలాజానికి విలువ దాని రాతిలో సగం, అది పడి ఉన్న చోటులో సగం. అందుచేత తిరిగివచ్చిన రాళ్లను ఒక దారిప్రక్కన కుప్పగా పోసినారు. అంతరాత్మల కుప్ప అని దానికి పేరు వచ్చినది. పశ్చాత్తాపం మనిషికి ఊరటనిచ్చినది గాని, అడవికి మాత్రం ఏమీ తిరిగిరాలేదు.

ఈ చోరీలను ఆపడానికి ఉద్యానంవారు పెట్టిన ఒక ఫలకాన్ని గూర్చి ఉపాధ్యాయ మిత్రులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మీ వారసత్వ సంపద ప్రతిదినం దోపిడికి గురి అవుతున్నదని, చిన్న చిన్న ముక్కలుగా ఏటా 14 టన్నుల రాతికట్టె తరలిపోతున్నదని దాని సారాంశం. చదివితే ఎవరి మనసైనా కరగాలి. కాని చాల్డీని అనే మనస్తత్వశాస్త్రజ్ఞునికి అనుమానం కలిగినది. ఈ మాట చదివినవాడు, ఇంతమంది తీసుకొని పోతున్నారు గదా, అంతా అయిపోకముందే నేనూ ఒకటి తీసుకుందునని అనుకోడా? అతడూ అతని సహచరులూ ఉద్యానంవారి అనుమతితో ఒక ప్రయోగం చేసినారు. గుర్తుపెట్టిన రాతిముక్కలను కాలిబాటల వెంట ఉంచినారు. కొన్నాళ్లు ఒక ఫలకం, కొన్నాళ్లు మరొక ఫలకం పెట్టినారు. గతంలో వచ్చినవారనేకులు రాతికట్టెను తీసుకొని పోయి ఈ అడవి సహజస్థితిని మార్చివేసినారని మొదటిది. దయచేసి తీసుకొని పోవద్దని, అడవిని సహజస్థితిలో నిలుపుదామని రెండవది.

ఫలితం చూడండి. రెండవ ఫలకం ఉన్నప్పుడు గుర్తుపెట్టిన ముక్కలలో నూటికి 1.67 వంతు మాత్రమే పోయినవి. మొదటి ఫలకం ఉన్నప్పుడు నూటికి 7.92 వంతు పోయినవి. ఏ ఫలకమూ లేనప్పుడు పోయినవి నూటికి దాదాపు 3. అనగా చోరీని నిందించడానికి పెట్టిన ఫలకం చోరీని రెండింతలు దాటించినది. అది లేకుండా ఉన్నా నయమే. ఒక ఉద్యానంలో, ఒక కాలంలో జరిగిన ప్రయోగాన్ని లోకమంతటికీ వర్తింపజేయడం తొందరపాటు కావచ్చును. అయినను ఇందులోని తర్కం మన తరగతిగదులలో నిత్యం కనబడేదే. ఈమధ్య అందరూ ఆలస్యంగా వస్తున్నారని ప్రార్థన వేళ ప్రధానోపాధ్యాయుడు కోపగించుకుంటాడు. వేళకు వచ్చి వరుసలో నిలిచిన పిల్లవాడు ఆ మాట వింటాడు. ఆలస్యంగా వచ్చినవాడు ఇంకా గేటు దగ్గరనే ఉంటాడు. విన్నవానికి తెలిసినది ఒక్కటే, తాను ఒంటరివాడనని. పరీక్షలలో అందరూ చూచి వ్రాస్తున్నారని మనం వాపోయినప్పుడు కూడ జరిగేది ఇదే.

మరికొంత తమాషా ఉన్నది. టన్నులకొలది పోతున్నవన్న ఆ మాటనే తరువాతి అధికారులు పరిశీలనకు పెట్టినారు. నూరేండ్ల నాటి ఛాయాచిత్రాలను చేతబట్టుకొని, అవి తీసిన చోటనే నిలబడి, ఇప్పటి దృశ్యంతో పోల్చి చూచినారు. చాలా చోట్ల దుంగలు, ముక్కలు కూడ దాదాపు వెనుకటివలెనే ఉన్నవి. కొన్ని చోట్ల తరుగుదల ఉన్న మాట నిజమే; అందులో పెద్ద భాగం రక్షణ రాకముందు జరిగినదే. అంతట ఉద్యానంవారు తమ ధోరణిని మార్చుకున్నారు. వచ్చినవారందరినీ దొంగలుగా చూడడం మాని, చూడదగినవి ఏమిటో చెప్పడానికి ఎక్కువ తావిచ్చినారు. నూటికి తొంబదిమందికి పైగా ఏమీ ముట్టకుండా వెళుతున్నప్పుడు, ఆ సంగతిని చెప్పడంలో అబద్ధమేమున్నది?

దక్షిణ డకోటాలో ప్రకటన ఉన్నది, మనిషి లేడు. అరిజోనాలో చట్టం, మనిషి, పరిశోధన, ప్రదర్శనశాల అన్నీ సమకూడినవి. అయినను ఏ మాట చెప్పాలో తెలుసుకోవడానికి వారికి చాలా కాలం పట్టినది. ఈ రెంటినీ ముందుంచుకొని మన దేశం వైపు చూతము.

మనకూ రాతి అడవులున్నవి. తమిళనాడులో విళుప్పురం జిల్లాలో, పుదుచ్చేరికి దగ్గరలో, తిరువక్కరై అనే గ్రామం ఉన్నది. అక్కడ 2 కోట్ల ఏండ్ల నాటి రాతిదుంగలు దాదాపు 247 ఎకరాలలో చెదరి ఉన్నవి. సొనెరా అనే ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1781లోనే వీటిని గూర్చి వ్రాసినాడు. ఆ దుంగలకు కొమ్మలు లేవు, ఆకులు లేవు, వేళ్లు లేవు. అందుచేత అవి అక్కడ పెరిగినవి కావని, నదీప్రవాహంలో కొట్టుకొని వచ్చి ఇసుకలో పూడినవని శాస్త్రజ్ఞుల నిర్ణయం. అరిజోనా అడవి కథ కూడ చాలావరకు ఇదే కదా. తిరువక్కరై దుంగలలో చింతచెట్టు కుటుంబానికి చెందినవి కూడ ఉన్నవంటే మన పిల్లలకు ఆసక్తి కలుగకుండునా? అరిజోనా చెట్లకు నేడు వారసులు దూరపు చుట్టాలే. ఇక్కడివాటి చుట్టాలు మన ఊరి చెరువుగట్టుమీదనే ఉన్నవి.

ఆ రాష్ట్రంలోనే పెరంబలూరు జిల్లాలోని సాత్తనూరులో 18 మీటర్లకు మించిన ఏకశిలావృక్షం ఒకటి పడి ఉన్నది. ప్రసిద్ధ భూగర్భశాస్త్రవేత్త ఎం. ఎస్. కృష్ణన్ 1940లో దానిని లోకానికి తెలిపినాడు. అది పది కోట్ల ఏండ్లకు పైబడినది. సముద్రజీవుల గుల్లలున్న పొరలలో పడి ఉన్నది గనుక, నేడు తీరానికి ఎంతో దూరమైన ఆ మెట్టనేలమీద ఒకనాడు సముద్రం ఉండేదని ఆ ఒక్క చెట్టు సాక్ష్యమిస్తున్నది. రాజస్థానంలో జైసల్మేరు చెంత ఆకల్ వద్ద సుమారు పాతిక దుంగలున్నవి, 18 కోట్ల ఏండ్లవని అంచనా. నేడు ఇసుక తప్ప మరేమీ లేని చోట. వాటికి ఇనుప పంజరాలు కట్టి పైన రేకులు వేసినారు. పంజరం రక్షణే, కాదనను. కాని చెరలో ఉన్న దుంగను చూచినవానికి తన మీద ఎంత అపనమ్మకమో తెలుస్తుంది గాని, ఆ దుంగ గొప్ప ఏమిటో తెలియదు. మధ్యప్రదేశంలోని దిండోరి జిల్లా ఘుఘువాలో తాటిజాతి చెట్ల శిలాజాలున్నవి. ఆరున్నర కోట్ల ఏండ్ల క్రిందట దక్కను పీఠభూమిని లావా ముంచెత్తిన కాలంనాటివి. ఆ స్థలం 1983లో జాతీయోద్యానం అయినది.

ఈ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసినవాడు బీర్బల్ సాహ్ని. లక్నోలో ఆయన నెలకొల్పిన ప్రాచీన వృక్షశాస్త్ర సంస్థకు 1949 ఏప్రిల్ 3న నెహ్రూ శంకుస్థాపన చేసినాడు. ఆ పునాదిరాయిలోనే శిలాజాలను పొదిగించినాడు సాహ్ని. సరిగా వారానికే, ఏప్రిల్ 10న, ఆయన కన్నుమూసినాడు. సంస్థ నిలిచినది, ఆయన పేరనే నడుస్తున్నది. పరిశోధనకు మనకు లోటు లేదు. పరిశోధించిన సంగతి ఊరివారికి చేరడంలోనే లోటు.

చట్టం మాట చూతము. మన భూగర్భ పరిశోధనశాఖ తిరువక్కరై, సాత్తనూరు, ఆకల్ మొదలుగా ముప్పదికి పైగా స్థలాలను జాతీయ భూగర్భ స్మారకాలుగా ప్రకటించినది. బిరుదు గొప్పదే. అయితే బిరుదునిచ్చే శాఖకు శిక్షించే అధికారం లేదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం మనుష్యుడు కట్టినవాటికి, చెక్కినవాటికి, నివసించినవాటికి ఉద్దేశించినది. నూరేండ్ల మండపానికి ఆ చట్టం నీడ ఉన్నది. పది కోట్ల ఏండ్ల చెట్టుకు ఆ నీడ లేదు. వయస్సును బట్టి గౌరవమన్న మన మర్యాద ఇక్కడ తలక్రిందులైనది. ఈ లోపాన్ని తీర్చడానికే 2022 డిసెంబరులో కేంద్ర గనుల మంత్రిత్వశాఖ భూవారసత్వ స్థలాల రక్షణకు ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టినది. స్థలాలను ప్రకటించే అధికారం, భూమిని సేకరించే అధికారం, చెరచినవారికి శిక్షలు అందులో ఉన్నవి. 2024 చివరకు కూడ అది చట్టం కాలేదు. గనులను తవ్వించే మంత్రిత్వశాఖకే తవ్వరాదన్న స్థలాల సంరక్షణ అప్పగించడం ఉచితమా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. నాకూ కలిగినది. ఐనను, భూపొరలను చదువగలిగిన నిపుణులున్నది ఆ శాఖలోనే. శాస్త్రం వారిదిగా, కావలి రాష్ట్రాలదిగా, స్థానిక పంచాయతీలదిగా విభజించుకుంటే బాగుండునని నా అభిప్రాయం.

తెలుగునేలకు ఈ చర్చతో సంబంధం లేదనుకోరాదు. విశాఖపట్టణానికీ భీమునిపట్టణానికీ నడుమ ఉన్న ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల శిలాతోరణం పై జాబితాలోనివే. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాకు మన దేశంనుండి కొత్తగా చేరిన ఏడు సహజ స్థలాలలో ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు ఉన్నవి. దిబ్బల పరిసరాలలో యంత్రాలతో తవ్వకాలు జరిగినవని 2024లో వార్తలు వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చు. అవి శిలాజాలు కావు. అయినను జాబితాకెక్కిన మరునాటి ప్రశ్న అక్కడా అదే. ఘుఘువా తాటిచెట్లను కప్పిన లావాయుగానికి చెందిన పొరలు రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో, పంగిడిలో కూడ ఉన్నవి. లావాకూ లావాకూ మధ్య చిక్కిన ఆ పొరలలో గుల్లలు, నాచుమొక్కల ఆనవాళ్లు దొరికినవి. గోదావరిగట్టు బడులలో ఎందరు పిల్లలకు ఈ సంగతి తెలుసునో ఉపాధ్యాయులే విచారించి చూడవచ్చు.

గోదావరి ఎగువకు పోతే మరింత గొప్ప సంపద ఉన్నది. ప్రాణహిత లోయలో భూమి తన పాతపుస్తకాన్ని తెరిచి పెట్టినది. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన మహాసరీసృపం ఎముకలను కూర్చి హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రంలో నిలబెట్టినారు. 1988లో దానికి పెట్టిన శాస్త్రీయనామం కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఒక పల్లెటూరి పేరు ప్రపంచ విజ్ఞానగ్రంథాలలోకి ఎక్కినది. నదికి ఆవలి ఒడ్డున, మహారాష్ట్రంలోని సిరొంచ ప్రాంతంలో, తెలుగు మాట్లాడే ఊళ్లు అనేకం. ఆ ప్రాంతంలోనే వడధామ్ దగ్గర రాతిదుంగలున్నవి. అటవీశాఖవారు అక్కడ శిలాజోద్యానాన్ని ఏర్పరచినారు. మన పొరుగున, మన భాష వినిపించే చోట ఉన్న రాతి అడవి అది.

సిరొంచ పిల్లలు, మంచిర్యాల పిల్లలు చదివేటట్లు ఆ దుంగల ప్రక్కన మరాఠీతోపాటు తెలుగులో కూడ ఒక ఫలకం ఉండవలసి ఉన్నది. దానికి పండితులు అక్కరలేదు. ఈ చెట్టు ఎప్పటిది, ఎట్లు రాయి అయినది, అది ఎక్కడ పడి ఉన్నదో అక్కడనే ఎందుకు ఉండాలి అన్న మూడు సంగతులను నాలుగు వాక్యాలలో వ్రాయమని మన ఉన్నత పాఠశాలల విద్యార్థులకు వ్యాసరచనగా ఇవ్వవచ్చు. బాగున్న దానిని అటవీశాఖకు పంపవచ్చు. నియమం ఒక్కటే పెట్టాలి. ఎవరో ఎత్తుకొని పోతున్నారన్న మాట అందులో రాకూడదు.